నొప్పికీ నీరసానికీ ఏది మేలు: పథ్యమా, పీచా, ప్రోబయోటిక్ గోలీలా?

నెలల తరబడి ఒళ్లునొప్పులు, ఎంత నిద్రపోయినా తీరని అలసట, రిపోర్టుల్లో మాత్రం చెప్పుకోదగ్గదేమీ ఉండదు. ఈ స్థితిలో ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తిండి వైపు చూస్తారు. అందులో తప్పేం లేదు. ఒళ్లంతా నొప్పులూ అలసటా ఏళ్ల తరబడి వేధించే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు ఉన్న 77 మంది మహిళల పేగుల్లోని సూక్ష్మజీవులను కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో జబ్బు లేనివాళ్లతో పోల్చి చూశారు. 19 రకాల బ్యాక్టీరియాలో తేడా కనబడింది. అలాంటి రోగుల పేగు బ్యాక్టీరియాను ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికి నొప్పి పెరిగిందని 2025లో మరో పరిశోధన చెప్పింది. పేగుకూ నొప్పికీ సంబంధం ఉందనడం ఉత్త ఊహ కాదన్నమాట. కానీ రేపు పొద్దున ఏం తినాలో ఈ పరిశోధనలు చెప్పవు.

చెప్పేవాళ్లు మాత్రం చాలామంది ఉంటారు. వాళ్ల సలహాలన్నీ చివరికి మూడు దారులకు వస్తాయి: కొన్నిటిని మానేయడం, కొన్నిటిని చేర్చుకోవడం, ప్రోబయోటిక్ గోలీలు, అంటే మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న గోలీలు, వేసుకోవడం. వీటిని తూచేటప్పుడు ఆధారం ఎంత, ముప్పు ఎంత అని అందరూ అడుగుతారు. మంచం దిగడమే కష్టమైన రోజున కూడా ఇది చేయగలనా అన్న ప్రశ్న ఎవరూ అడగరు. నా లెక్కలో అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

ఏ దారి పట్టినా ముందు కొన్ని రక్తపరీక్షలు చేయించుకోవాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి, షుగర్. వీటిలో ఏది తేడాగా ఉన్నా నీరసం రావచ్చు, దానికి వేరే వైద్యం ఉంది. గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు పరీక్షను మాత్రం గోధుమ మానక ముందే చేయించుకోవాలి. మానేశాక యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టే రిపోర్టు వస్తుంది. అప్పుడు వారాల తరబడి మళ్లీ గోధుమ తిని పరీక్షకు వెళ్లాలి. ఒంట్లో ఓపిక లేనివాళ్లకు అంతకంటే నరకం ఉండదు.

ఇక మానేసే దారి. ఇందులో అన్నిటికంటే పద్ధతిగా ఉన్నది ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న లో-ఫాడ్‌మ్యాప్ పథ్యం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాలు, పాలు, ఆపిల్, తేనె వంటివాటిలో ఉండే కొన్ని పిండిపదార్థాలు చిన్నపేగులో సరిగా ఇంకవు. అవి నీటిని లాక్కుంటాయి, పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. పేగు గోడ సాగుతుంది. నరాలు సున్నితంగా ఉన్నవాళ్లకు ఆ సాగుడే నొప్పి. అందుకే ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ తేలకుండా కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం పదేపదే వచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్లలో చాలామందికి ఈ పథ్యం కడుపుబ్బరాన్నీ నొప్పినీ బాగా తగ్గిస్తుంది. ఫైబ్రోమయాల్జియా విషయానికొస్తే, పోర్చుగల్‌లో 38 మందితో చేసిన చిన్న అధ్యయనంలో నొప్పి తగ్గినట్టు కనబడింది. అయితే పథ్యం చేయని మరో బృందంతో పోల్చలేదు కాబట్టి దాన్ని ఆశగా తీసుకోవచ్చు గానీ రుజువుగా కాదు.

ముప్పు ఎక్కడుందంటే, ఈ పథ్యం ఎన్నాళ్లు చేయాలో చాలామందికి ఎవరూ చెప్పరు. మానేసే దశ 2 నుంచి 6 వారాలే. ఆ తర్వాత ఒక్కొక్కటీ మళ్లీ తిని చూసి, పడనిదేదో తేల్చుకుని, మిగతావన్నీ తిరిగి తినాలి. మొదటి దశలోనే ఏళ్లు గడిపితే పేగులోని మంచి బిఫిడోబ్యాక్టీరియా తగ్గుతుంది, తిండి ఇరుకైపోతుంది, బరువు పడిపోతుంది. పైగా ప్రతి పొట్లం మీదా రాసినది చదవాలి, వంట విడిగా చేసుకోవాలి. అలసిన మనిషి ఒక్కడే చేయగలిగిన పని కాదిది. తోడు ఎవరైనా ఉండాలి, వీలైతే డైటీషియన్ ఉండాలి.

చేర్చుకునే దారి దీనికి తలకిందులు. రకరకాల కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, గింజలు. పీచును బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ తయారవుతుంది. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగం 2021లో వెలువడింది. పెరుగు, కెఫీర్ అనే పులియబెట్టిన పాలు, పులియబెట్టిన కూరగాయలు రోజూ బాగా తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో వాపుకు సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు పెంచినవాళ్లలో ఆ మార్పు అంతగా రాలేదు. వాళ్లు నొప్పి రోగులు కారన్నది గుర్తుంచుకోవాలి. అయినా ఈ దారినే నేను ముందు పెడతాను. ఇందులో పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు. ఓపిక లేని రోజున ఒక గిన్నె పెరుగు, ఒక పండు, ఉడికించి దాచుకున్న శనగలు కొన్ని తిన్నా ఆ రోజు తప్పినట్టు కాదు. పీచు మాత్రం వారం వారం కొంచెంగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వచ్చి, ఇది నాకు పడదని మొత్తం వదిలేస్తారు.

గోలీల సంగతి త్వరగానే తేలిపోతుంది. వేసుకోవడం తేలిక, అందుకే అమ్ముడుపోతాయి. ప్రోబయోటిక్ అన్న పేరు ఒకటే అయినా ఒక్కో బ్యాక్టీరియా జాతి పని ఒక్కోలా ఉంటుంది. ఐబీఎస్‌కు వీటిని పరిశోధనల్లో భాగంగా తప్ప వాడొద్దని అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2020లో సూచించింది. ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థ 2018లో చూపించినదైతే మరీ గమనించదగ్గది: యాంటీబయోటిక్స్ తర్వాత ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో సొంత సూక్ష్మజీవులు కోలుకోవడం ఆలస్యమైంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు డాక్టరును అడగకుండా వీటిని ముట్టుకోకూడదు. వేలి చుక్క రక్తంతో మీకు పడని ఆహారాలు చెబుతామనే ఐజీజీ పరీక్షలను కూడా ఈ వరుసలోనే పక్కన పెట్టండి. ఆ యాంటీబాడీలు మీరు ఆ ఆహారం తిన్నారని చెబుతాయి, పడదని కాదు.

కాబట్టి ఉబ్బరం, విరేచనాలు, మలబద్ధకం లేకుండా ఒళ్లునొప్పులూ నీరసమే ఉంటే చేర్చుకోవడంతో మొదలుపెట్టండి, మానేసే పథ్యం జోలికి పోవద్దు. కడుపు బాధే ముందుండి, అది ముదిరినప్పుడల్లా ఒళ్లునొప్పులూ ముదురుతుంటే లో-ఫాడ్‌మ్యాప్‌ను గడువు పెట్టుకుని చేయడం న్యాయం. ఇప్పటికే బక్కచిక్కినవాళ్లూ, తిండి అంటే భయం పట్టుకున్నవాళ్లూ ఏదీ మానకూడదు. వాడుతున్న మందులనూ ఓసారి చూపించుకోండి. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు పేగు పొరను దెబ్బతీస్తాయి, ట్రమడాల్, మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ మందులు మలబద్ధకం తెస్తాయి, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్‌నూ, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్రలనూ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. అయితే ఏదీ సొంతంగా ఆపొద్దు.

ఒకసారి ఒకే మార్పు చేయండి. నొప్పి, నిద్ర, విరేచనం, ఆ రోజు చేయగలిగిన పని, ఈ నాలుగింటినీ రోజూ ఒక్క వరుసలో రాయండి. నాలుగైదు వారాలకు ఆ వరుసల్లో తేడా లేకపోతే ఆ మార్పు మీకు పనికిరాలేదు, ఇంకోటి చూడండి. ఈలోగా మలంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రాత్రుళ్లు జ్వరం వస్తున్నా తిండి ప్రయోగాలు ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.