తెర మీద సినిమాతో ఆర్కెస్ట్రానా, తెర లేని కచేరీయా: ఏది మేలు?

సినిమా సంగీతాన్ని డెబ్బై ఎనభై మంది వాద్యకారులు కళ్లెదుట వాయిస్తుండగా వినాలంటే నేడు ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది, సినిమా మొత్తాన్ని పెద్ద తెరపై ప్రదర్శిస్తూ, అందులోని నేపథ్య సంగీతాన్ని మాత్రం తొలగించి, ఆ ఖాళీలను వేదికపైనున్న ఆర్కెస్ట్రాతో అప్పటికప్పుడు నింపడం. రెండవది, తెర ప్రసక్తి లేకుండా, స్వరకర్త సినిమాకు రాసిన సంగీతంలోంచి కొన్ని భాగాలను ఏరి, కచేరీకి తగినట్టు కూర్చి వాయించడం. 2019 అక్టోబరులో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ‘బాహుబలి: ది బిగినింగ్’ను ఆర్కెస్ట్రాతో ప్రదర్శించినప్పుడు మొదటి పద్ధతి తెలుగువారికి సొంతమైంది. 2025 మేలో అదే హాల్లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ను కూడా తెరపై వేస్తూ దాని నేపథ్య సంగీతాన్ని రాయల్ ఫిల్‌హార్మానిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించింది. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉంటున్న మనవాళ్లకు ఈ రెండు రకాల కచేరీలూ ఇప్పుడు అందుబాటులోనే ఉన్నాయి కాబట్టి, ఒక్క టికెట్టుకే డబ్బుంటే ఏది కొనాలన్నది అడగదగిన ప్రశ్నే. నేనైతే చాలా సందర్భాల్లో రెండవదే కొంటాను. ఏ సందర్భాల్లో కొననో కూడా చెబుతాను.

ముందుగా మొదటి పద్ధతి లోపల ఎలా నడుస్తుందో చూడాలి. సినిమా శబ్దంలో మాటలు, చప్పుళ్లు, సంగీతం విడివిడి ట్రాకులుగా ఉంటాయి. సంగీతం ట్రాకును ఆపి, మిగతా వాటిని స్పీకర్లలో వదులుతారు. వాద్యబృందాన్ని చేతి సైగలతో నడిపించే కండక్టరు ముందు చిన్న మానిటరు ఉంటుంది. దానిమీద సినిమాతో పాటు ఒక రంగు నిలువు గీత ఎడమ నుంచి కుడికి జరుగుతూ వస్తుంది, అది అంచుకు చేరగానే తెల్లటి మెరుపు ఒకటి కనిపిస్తుంది. కత్తి దిగే క్షణానికి ఇత్తడి వాద్యాలు అందుకోవాలంటే ఆయన చెయ్యి సరిగ్గా ఆ మెరుపు మీద పడాలి. లయ కచ్చితంగా ఉండవలసిన చోట్ల చెవిలో లయను లెక్కించే క్లిక్ మోగుతుంది. ఇంత కట్టుదిట్టంలో ఒక స్వరాన్ని కాస్త సాగదీద్దాం, ఒక విరామాన్ని అర క్షణం నిలుపుదాం అన్న స్వేచ్ఛకు చోటు చాలా తక్కువ. రెండవ పద్ధతిలో ఉన్నదంతా ఆ స్వేచ్ఛే.

ఈ తేడా చిన్నది కాదనడానికి హాలీవుడ్ స్వరకర్త జాన్ విలియమ్స్ అనుభవమే సాక్ష్యం. 1982 నాటి ‘ఇ.టి.’ చిత్రం పతాక సన్నివేశానికి సంగీతం రికార్డు చేస్తున్నప్పుడు, దృశ్యంలోని ప్రతి క్షణానికీ సరిపెట్టబోతే సంగీతం ప్రాణం పోతోందని ఆయన ఇబ్బంది పడితే, దర్శకుడు స్పీల్‌బర్గ్ తెర ఆపించి, కచేరీలో వాయించినట్టే వాయించమని చెప్పి, తర్వాత ఆ సంగీతానికి తగ్గట్టు దృశ్యాలనే మళ్లీ ఎడిట్ చేసుకున్నాడు. తెర లేకుండా ఊపిరి పీల్చుకున్న ఆ సంగీతాన్నే ఇప్పుడు తెరతో ప్రదర్శించేటప్పుడు, ఆనాటి వేగానికి అంగుళం తేడా రాకుండా పట్టుకోవలసిన భారం నేటి కండక్టరు మీద పడుతోంది.

ఇక ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే, కన్ను చెవి కన్నా బలమైనది. సినిమా మొదలైన పావుగంట దాకా మనం వయొలిన్ల వైపు చూస్తాం. ఆ తర్వాత కథ లాక్కుపోతుంది. ఆర్కెస్ట్రా ఎంత నిర్దుష్టంగా వాయిస్తే అంతగా కనుమరుగవుతుంది, ఎందుకంటే రీరికార్డింగు పని అదే. తెర లేని కచేరీలో ఈ దాపరికం కుదరదు. డ్రమ్ము తోలుకు చెవి ఆనించి శ్రుతి సరిచూసుకునే టింపనీ వాద్యకారుడు, ఎన్నో ఆవర్తాలు మౌనంగా లెక్కపెట్టుకుని ఒకే ఒక్క దెబ్బ కోసం తాళాలెత్తి నిలబడిన మనిషి, మంద్రంలో మొదలైన చెల్లోల (వయొలిన్ జాతి పెద్ద వాద్యాల) పలుకు వరసవరసగా వయొలిన్లకు పాకడం, ఇవన్నీ అప్పుడే కనిపిస్తాయి.

ఒకే సంగీతాన్ని రెండు విధాలా విన్నవారు చెప్పుకోదగిన ఉదాహరణ సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టైన్ 1938లో తీసిన ‘అలెగ్జాండర్ నెవ్‌స్కీ’. రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ రాసిన గొప్ప సంగీతాన్ని ఆ సినిమా సౌండ్‌ట్రాక్‌లో దారుణంగా రికార్డు చేశారు. ఆయన మరుసటి ఏడాదే దాన్ని ఏడు భాగాల కాంటాటాగా, గాయనీగాయక బృందంతో వేదిక మీద వాయించే రచనగా మలిచాడు. సుమారు నలభై నిమిషాల ఆ కాంటాటా నేటికీ ఆర్కెస్ట్రాల కార్యక్రమాల్లో నిలిచే ఉంది. 1987లో లాస్ ఏంజలెస్‌లో ఆ సినిమాకే ఆర్కెస్ట్రాను జతచేసి ప్రదర్శించారు. ఇప్పటి తెర-కచేరీల ఒరవడికి ఆ ప్రయత్నం ఒక పునాది. మంచు మీది యుద్ధం ఘట్టంలో మాటలు దాదాపు ఉండవు, దృశ్యమూ సంగీతమూ సమానంగా నడుస్తాయి, అక్కడ తెర ఉండటమే లాభం. మృతులున్న రణభూమిలో ఒంటరి స్త్రీ గొంతు పాడే భాగం మాత్రం తెర లేకుండానే నాకు ఎక్కువ బరువుగా వినిపిస్తుంది.

కాబట్టి తెరతో వెళ్లదగిన సినిమాలంటే మాటలు తక్కువగా ఉండి, నిమిషాల కొద్దీ సంగీతమే కథ నడిపించేవి. యుద్ధాలు, జలపాతాలు ఉన్న ‘బాహుబలి’ ఈ లెక్కన బాగా సరిపోతుంది. అయితే మన సినిమాలకు ఒక చిక్కుంది: పాటలు. సినిమాను సినిమాగా వేస్తున్నప్పుడు గాయకుల గొంతు, దానితో పెనవేసుకున్న డప్పులు, కంప్యూటరుతో కూర్చిన శబ్దాలు రికార్డింగులోంచే రావడం సహజం. వేదిక మీది తంత్రీవాద్యాలు దానికి తోడు కలుపుతాయి. హుషారుకు లోటుండదు గానీ, ఆర్కెస్ట్రాకు ఆ పాటలో సొంత పలుకుబడి తక్కువ. పైగా ‘ఆర్‌ఆర్‌ఆర్’ లాంటి మూడు గంటల చిత్రాన్ని పెదవులతో ఊదే వాద్యకారులు చివరి యుద్ధం దాకా మోయడం సామాన్యమైన శ్రమ కాదు.

హాలు మాట కూడా కొంత చెప్పుకోవాలి. రాయల్ ఆల్బర్ట్ హాల్ 1871లో తెరిచినప్పటి నుంచీ ప్రతిధ్వనికి పేరుపడింది. దాన్ని అదుపు చేయడానికే 1969లో పైకప్పు కింద పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీశారు. స్పీకర్లలో వచ్చే మాటలకు దీటుగా నిలవాలి కాబట్టి, తెర-కచేరీలో వాద్యాలకు మైకులు పెట్టి కలుపుతారు. మైకు లేని మంచి సంగీత మందిరంలో తంత్రీవాద్యాల అసలు రంగు తెలిశాక, ఆ తేడా చెవికి దాగదు. తెర వేస్తే వాద్యబృందం వెనకనున్న గాయకబృందపు వరసలు ప్రేక్షకులకు పనికిరావు. తెర లేనప్పుడు చాలాచోట్ల చవకగా దొరికేవీ, కండక్టరు ముఖం కనిపించేవీ ఆ సీట్లే.

రెండవ దారిలోనూ మోసాలున్నాయి. కార్యక్రమ పత్రంలో ఒకే చిత్రం నుంచి ఇరవై నిమిషాల సూట్ (ఆ సంగీతంలోని భాగాలను వరసగా కూర్చిన రచన) ఉంటే నిశ్చింతగా వెళ్లవచ్చు. పదిహేను సినిమాల టైటిల్ సంగీతాలు మూడేసి నిమిషాల చొప్పున ఉంటే అది విస్తరి నిండా చెంచాడేసి చొప్పున వడ్డించిన భోజనం. ఏదీ కడుపుకు పట్టదు. సినిమా ఎరగని పిల్లలను మాత్రం ముందు తెర ఉన్నదానికే తీసుకెళ్లాలి, వాళ్లకు కథే దారి చూపుతుంది. స్టేడియాల్లో జరిగే సినీ సంగీత విభావరులను ఈ పోటీలోకి తేలేదు. అక్కడ మనం వెళ్లేది గాయకుల కోసం, పక్కవాడితో కలిసి పాడటం కోసం.

తెర-కచేరీకి వెళ్లినవారు చివరి పేర్లు పడుతుండగా లేచిపోకూడదు. మాటలు, చప్పుళ్లు ఆగిపోయి ఆర్కెస్ట్రా తనంత తానుగా చాలా నిమిషాలు వాయించేది ఆ ఒక్క చోటే. మన థియేటర్ల అలవాటు కొద్దీ కారు పార్కింగు వైపు పరుగెత్తేవారు, టికెట్టులో మేలైన భాగాన్ని సీట్లోనే వదిలేసి వెళ్తున్నారు.