పరుగు నెమ్మదించింది: ఇంకా గట్టిగా ఉరకాలా, ఆపాలా, పరీక్షలకు పోవాలా?

అరవై దాటాక వేగం తగ్గడం మామూలే, కానీ వయసు పట్టుకుపోయేది ఏడాదికి కొంచెమే. పానగల్లు చెరువు కట్ట మీద కిలోమీటరు ఏడు నిమిషాల్లో ఉరికే మనిషికి రెండు నెలల్లోనే ఎనిమిది పడుతోందంటే ఆ నెపం వయసు మీద వేయొద్దు. ముందు నిరుడు ఇదే నెలలో తీసిన టైముతో పోల్చుకోండి. డిసెంబరు చలిలో తీసిన టైము ఏప్రిల్‌లో ఎవరికీ రాదు. మన నల్లగొండ ఎండలకు ఒళ్లు చల్లబడాలంటే రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కాళ్లకు అందేది తగ్గుతుంది.

అది కూడా చూసుకున్నాక తేడా అట్లాగే ఉంటే, పొద్దుగాల గ్రౌండులో మొదట వినిపించే సలహా "ఇంకా గట్టిగా ఉరకండి సారూ". ఏళ్ల తరబడి మెల్లగా తగ్గిన వేగానికి ఇది మంచి మందే. వారానికోసారి చిన్న చిన్న స్పీడ్ పరుగులు, తొడలకు, పిక్కలకు బలం పెంచే కసరత్తు చేస్తే కొంత వెనక్కి వస్తుంది. కారణం తెలియకుండా ఉన్నట్టుండి తగ్గినప్పుడు మాత్రం నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. రక్తం తక్కువున్న ఒంటిని ఉరికిస్తే మిగిలేది నీరసమే.

రెండోది, ఆపడం. నిద్ర సరిగా పట్టక, లేవగానే నాడి మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటూ, కాళ్లు బరువెక్కి ఉంటే అలసట పేరుకుందన్నట్టు. పది, పదిహేను రోజులు నడకతో సరిపెడితే తేడా తెలుస్తుంది. తెలియకపోతే కారణం అలసట కాదని తేలుతుంది. పూర్తిగా మంచం పట్టొద్దు, ఈ వయసులో కండ తొందరగా కరుగుతుంది.

నా ఓటు మూడోదానికే: ముందు పరీక్షలు. సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే పరీక్ష), థైరాయిడ్, షుగర్, విటమిన్ బీ12, ఈసీజీ. జిల్లా కేంద్రంలో ఇవన్నీ చేస్తారు. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 గ్రాముల లోపుంటే రక్తహీనత. పెద్ద వయసులో ఐరన్ తగ్గితే గోలీలు మింగి ఊరుకోవద్దు, రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. మోకాళ్ల నొప్పులకు రోజూ వేసుకునే నొప్పి గోలీలు కూడా కడుపులో పుండు చేసి రక్తం పోయేలా చేస్తాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లకు బీ12 తగ్గవచ్చు.

మీరు వాడే మందుల చీటీ కూడా వెంట తీసుకుపోండి. మాతో వచ్చే ఒక రిటైర్డ్ టీచర్ సారుకు కట్ట ఎక్కేటప్పుడు వాచీలో నాడి 140 దాటేది. బీపీ గోలీ మార్చాక ఎంత ఉరికినా 110 దగ్గరే ఆగిపోతోంది. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి గుండె వేగాన్ని పెరగనివ్వవు. సారు డాక్టర్‌ను అడిగితే అదే చెప్పారు. అట్లాగని గోలీ సొంతంగా మానేయకూడదు, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

మన దగ్గర ఇంకొక సంగతి చూడాలి. మర్రిగూడ, నాంపల్లి వైపు చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు నడుము, కీళ్లు బిగుసుకుపోయి అంగ చిన్నదవుతుంది. వాళ్లకు దమ్ము బాగానే ఉంటుంది, కాళ్లే సాగవు. అందుకే డాక్టర్‌కు ముందుగా ఇది చెప్పండి: మొదట ఆగిపోయేది కాళ్లా, ఊపిరా?

ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, నాడి లయ తప్పినా ఈ మూడింటిలో ఏది మేలని ఆలోచించే పనే లేదు. పరుగు ఆపి వెంటనే ఆస్పత్రికి పోవాలి. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. గుండెకు రక్తం అందకపోయినా వాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, ఎప్పుడూ లేని ఆయాసమే గుర్తు కావచ్చు.