ఏఐ ప్రైమ్ 16హెచ్‌డీ రివ్యూ: కొత్త అనిమోన్‌కి లైట్ అలవాటు చేయడంలో ఎంతవరకు పనికొస్తుంది?

రెండడుగుల రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) బబుల్ టిప్ అనిమోన్ అనే, రాయికి అతుక్కుని బతికే సముద్రజీవిని పెంచడానికి ఆక్వాఇల్యూమినేషన్ (ఏఐ) వారి ఈ లైట్ ఒక్కటి చాలు. వెలుగు చాలకపోవడం దీనితో సమస్య కాదు, మొదటి నెలలో ఎక్కువైపోవడమే సమస్య. షాపులో మసక వెలుతురులో ఉండి, సంచిలో చీకట్లో ప్రయాణం చేసి వచ్చిన ప్రాణి అది. ఒక్కసారిగా ఫుల్ లైట్ పడితే దాని కణజాలంలో ఉండి ఆహారం తయారుచేసిపెట్టే జూజాంథెల్లే అనే ఆల్గే తట్టుకోలేదు. హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగవుతాయి. అనిమోన్ ఆ ఆల్గేని బయటికి నెట్టేసి తెల్లబడుతుంది.

ఈ లైట్‌ని నడిపే మోబియస్ యాప్‌లో అక్లిమేషన్ (వెలుగుకి మెల్లగా అలవాటు చేయడం) సెట్టింగ్ ఉన్నది ఇందుకే. మొదలయ్యే శాతం, ఎన్ని రోజులు అన్నది ఇస్తే, రోజువారీ లైట్ షెడ్యూల్ మొత్తాన్ని తగ్గించి రోజురోజుకీ కాస్త కాస్త పెంచుతుంది. 50 శాతంతో 28 రోజులు పెట్టండి. పాలిపోయి వచ్చినదైతే 30తో మొదలుపెట్టండి. ఎక్కువమంది పొరబడేది ఒకచోట: షెడ్యూల్‌లో పీక్ (గరిష్ఠ వెలుగు) 60 శాతం ఉంటే, అక్లిమేషన్ 50 అంటే ట్యాంకుకి అందేది 30. షెడ్యూల్‌ని కూడా చేత్తో 30కి దించారా, మిగిలేది 15. అప్పుడు అనిమోన్ కాడ సాగదీసి, వెలుగు వెతుక్కుంటూ రాయి వదిలి నడుస్తుంది. నడిచేది వేవ్‌మేకర్‌లో (నీటిని కదిలించే పంపు) చిక్కితే ముక్కలవుతుంది, నీళ్లూ పాడవుతాయి. అందుకే పంపులకు ముందే స్పాంజ్ తొడగాలి.

యాప్‌లోని శాతం పార్ (ఆల్గే వాడుకోగల వెలుగు కొలత) కాదు. పార్ మీటర్ అద్దెకు దొరికితే రాయి దగ్గర కొలవండి: మొదట 75-100, నెల చివరికి 150-200 ఉంటే బాగుంటుంది. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ ఛానళ్లు 10 శాతం లోపే ఉంచి, నీలం మీద నడపండి.

ఈ సెట్టింగ్‌లో రెండు లోపాలు. ఇది రోజులు లెక్కపెడుతుంది తప్ప ప్రాణిని చూడదు. అనిమోన్ ముడుచుకుని రాతి సందులోకి దూరినా, నోరు తెరుచుకుని ఉన్నా, యాప్‌లోకి వెళ్లి మీరే తగ్గించాలి. దాన్ని మాత్రం రాయి నుంచి పీకొద్దు. పాదం చిరిగితే బతకడం కష్టం.

రెండోది, ఒక్క అనిమోన్ కోసం ట్యాంకంతా మసకబారుతుంది. ఇప్పటికే ఈ వెలుగుకి అలవాటుపడ్డ యాక్రోపోరా లాంటి పగడాలు ఉంటే ఈ సెట్టింగ్ వాడకపోవడమే మేలు. కిటికీలకు కొట్టే ఫైబర్‌గ్లాస్ దోమల జాలి మూడు పొరలు, అనిమోన్ ఉన్న వైపు మాత్రమే, నీటికి పైన పరిచి వారానికో పొర తీయండి. ఇనుప జాలి వద్దు, ఉప్పు తేమకు తుప్పు పడుతుంది.

లెన్స్ మీద ఉప్పు చిందులు వారం వారం తుడవండి. నెలపాటు పేరుకున్నది ఒకేసారి తుడిస్తే వెలుగు హఠాత్తుగా పెరిగి, పడ్డ శ్రమ వృథా అవుతుంది.