గెంతులా, చింతపిక్కలా?

తీసివేత నేర్పుదామని వేలచ్చేరిలో మా మేడ మీద చాక్‌పీస్‌తో 0 నుంచి 20 దాకా గళ్లు గీసి పాపని గెంతమన్నా, 8 మీద నిలబడి 5 వెనక్కి గెంతితే 3, తీసివేత ఇట్టే ఎక్కేసింది, కాకపోతే మొదట్లో నిలబడ్డ గడినే ఒకటి అని లెక్కపెట్టేసి 4 అనేది. కానీ చెన్నై ఎండలో మేడ మీదా, పైగా 43 లోంచి 17 అంటే ఎన్నని గెంతుతుంది పాపం!

అక్కడ చింతపిక్కలే బెటర్. పదేసి చొప్పున ఖాళీ అగ్గిపెట్టెల్లో పోసి 4 పెట్టెలు, 3 విడి పిక్కలు ఇచ్చా, 7 తియ్యాలంటే చాలవుగా, ఒక పెట్టె కుమ్మరించి 13 చేసుకుని "అప్పు తెచ్చుకోవడం అంటే ఇదేనా అమ్మా" అంది. 1939లో మన అడయార్‌కి వచ్చిన ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి గారి లెక్కల పూసలదీ ఇదే లాజిక్, పది పూసలకి ఒక కడ్డీ, పది కడ్డీలకి ఒక చదరం.

నా ఓటు పిక్కలకే, కాకపోతే సోఫా కిందకి ఒకటి దొర్లిందా, ఆ పూట లెక్క గోవిందా.