నాన్నగారి హరికథలు, సామ్‌సంగ్ టీ7

నాన్నగారి హరికథల క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక, వాటిని ఎక్కడ దాచాలన్నదే పెద్ద టెన్షన్ అయింది. అందుకే సామ్‌సంగ్ టీ7 పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే చిన్న డ్రైవ్), 1 టీబీది కొన్నాను.

బరువు 58 గ్రాములే. చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. లోపల తిరిగే పళ్లేలు లేవు కాబట్టి చేయి జారినా హార్డ్‌డిస్క్ పడ్డంత భయం ఉండదు. సెకనుకు 1,050 ఎంబీ దాకా చదువుతుందని కంపెనీ మాట. కానీ దానికి తగ్గ పోర్టు ఉండాలి. మా పాత డెస్క్‌టాప్ వెనక ఉన్న యూఎస్‌బీ 2.0కి పెడితే ఆ వేగంలో ఇరవయ్యో వంతు కూడా రాదు. కొనేముందు మీ పోర్టు చూసుకోండి. ఎక్కువసేపు కాపీ చేస్తే అల్యూమినియం ఒళ్లు వెచ్చబడుతుంది, అంతే.

అసలు విషయం వేరే ఉంది. ఏ ఎస్‌ఎస్‌డీ అయినా డేటాని విద్యుదావేశంగా పట్టి ఉంచుతుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. రోజువారీ వాడకానికి ఇది బంగారం. మనవల కోసం దాచడానికి మాత్రం ఇదొక్కటే చాలదు.

మైక్రోసాఫ్ట్ ‘ప్రాజెక్ట్ సిలికా’ పరిశోధనలో, ఏళ్ల తరబడి చెరిగిపోకుండా గాజు పలకల లోపల లేజర్‌తో డేటా రాశారు. అలాంటిది మన ఇళ్లకు రావాలని నా కోరిక. ఈలోగా మరో కాపీ హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి కాకినాడలో అక్కయ్య ఇంట్లో ఉంచాను. పండక్కి వెళ్లినప్పుడల్లా ఆ డ్రైవ్‌ పెట్టి, ‘రుక్మిణీ కల్యాణం’ మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తోందో లేదో చూస్తాను.