లైవ్ చర్చల టూల్ కొనబోతున్నారా? ‘అనానిమస్ పోల్’ అన్న మాట నమ్మకముందే ఇది చదవండి

చర్చను లైవ్‌లో పెట్టి, చూసేవాళ్ల నుంచి ప్రశ్నలు తీసుకుని, అక్కడికక్కడే పోల్ నడిపే టూల్స్ ఇప్పుడు చాలా అమ్ముతున్నారు. రాజకీయ చర్చల కోసం అలాంటిది కొనాలనుకునే సంఘాలు, వాలంటీర్ బృందాలు ముందు ఈ పోస్టు చదవండి. మేం డబ్బు కట్టి కొన్న టూల్, చర్చకు వచ్చినవాళ్ల రాజకీయ అభిప్రాయాలన్నిటినీ పేర్లతో సహా ఒక ఫైల్లోకి చేర్చి పెట్టింది. కంపెనీ పేరు రాయడం లేదు. మా ఫిర్యాదు ఇంకా తేలలేదు, పైగా ఈ జబ్బు ఆ ఒక్క కంపెనీదే కాదు.

ఎన్నికలకు ముందు అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదికి తెచ్చి, జనం చేత ప్రశ్నలు అడిగించాలన్నది మా బృందం ఆలోచన. హాల్లో పెడితే మైకు దొరికినవాళ్లే మాట్లాడతారు. లైవ్‌లో అయితే ఇంట్లోంచి కదల్లేనివాళ్లు, నలుగురిలో నోరు విప్పడానికి జంకేవాళ్లు కూడా ప్రశ్న పంపొచ్చు. ఏడాది ప్లాన్ తీసుకునే ముందు సేల్స్ వాళ్లను సూటిగా అడిగాం: పోల్‌లో ఎవరు ఏ జవాబు నొక్కారో ఎవరికైనా తెలుస్తుందా? ‘తెలియదండీ, పూర్తిగా అనానిమస్’ అన్నారు. డెమోలో కూడా స్క్రీన్ మీద శాతాలు తప్ప మరేమీ కనబడలేదు. అదే మాటను మేం ఆహ్వానంలో రాసి జనానికి చెప్పాం.

కార్యక్రమం సాఫీగానే సాగింది. ఆడియో తెగలేదు, వీడియో ఆగలేదు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. తర్వాత డాష్‌బోర్డ్‌లో ‘ఆడియన్స్ రిపోర్ట్’ అన్న బటన్ నొక్కితే ఒక పెద్ద ఎక్సెల్ షీట్ దిగింది. పేరు, ఈమెయిల్, వాడిన ఫోన్ రకం, ఐపీ అడ్రస్‌ను బట్టి అంచనా వేసిన ఊరు, లోపలికి వచ్చిన సమయం, ఏ అభ్యర్థి మాట్లాడుతుండగా వెళ్లిపోయారో ఆ నిమిషం, ప్రతి పోల్‌కీ వాళ్లు నొక్కిన జవాబు, అన్నీ వరసగా ఉన్నాయి. అసలు ఒళ్లు మండింది చివరి కాలమ్ చూసినప్పుడు. ప్రశ్నల పెట్టెలో టైప్ చేసి, మనసు మార్చుకుని, పంపకుండా చెరిపేసిన మాటలు కూడా అందులో ఉన్నాయి. ఒక అభ్యర్థిని ఏదో ఘాటుగా అడగబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని మానుకున్నవాళ్ల మాటలు, వాళ్ల పేరు పక్కనే.

ఇలాంటిది ఎక్కడా ఉండదనుకుంటే పొరపాటు. 2017 నవంబరులో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘సెషన్ రీప్లే’ స్క్రిప్టుల గురించి బయటపెట్టారు. మీరు పేజీలో ఏం కొడుతున్నారో, మౌస్ ఎటు కదుపుతున్నారో, ఇంకా సబ్మిట్ నొక్కకముందే వేరే కంపెనీ సర్వర్‌కి పంపే కోడ్ అది. కస్టమర్ సపోర్ట్ చాట్లలో కూడా, మీరు టైప్ చేస్తుండగానే అవతలి ఉద్యోగికి కనిపించే సౌకర్యం కొన్ని టూల్స్‌లో మామూలుగానే వస్తుంది. చెత్త సామాను గురించి తిట్టుకునే చాట్‌లో అయితే పోనీలే అనుకోవచ్చు. ఎవరికి ఓటేస్తారో తెలిసిపోయే చోట ఎలా ఊరుకుంటాం?

ఆ తర్వాత కొద్ది రోజులకే చర్చకు వచ్చినవాళ్లకు ప్రచార సందేశాలు మొదలయ్యాయి. పింఛన్ల పోల్‌లో అసంతృప్తి అని నొక్కినవాళ్లకు పింఛన్ల గురించి, ఉద్యోగాల ప్రశ్నకు స్పందించినవాళ్లకు ఉద్యోగాల గురించి. ఒకే ఇంట్లో ఇద్దరికి వేర్వేరు సందేశాలు వచ్చి, ఇద్దరూ ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసి మాకు ఫోన్ చేశారు. ఆ ఫైలు ఏ దారిలో బయటికి వెళ్లిందో మా దగ్గర రుజువు లేదు, కాబట్టి ఏ అభ్యర్థినీ వేలెత్తి చూపను. దారులు మాత్రం రెండు ఉన్నాయని తేలింది. వేదిక మీదికి రావాలంటే అభ్యర్థుల సిబ్బందిని కో-హోస్ట్‌గా, అంటే మాతోపాటు నిర్వాహకులుగా చేర్చాలి, కో-హోస్ట్‌గా చేరిన ప్రతివాళ్లూ ఆ రిపోర్ట్ దించుకోవచ్చు. ఆపే సెట్టింగ్ మా ప్లాన్‌లో లేదు, ఇంకా ఖరీదైన ప్లాన్‌లో ఉందట. రెండోది ప్రైవసీ పాలసీలో ఉన్న ‘విశ్లేషణ భాగస్వాములు’ అన్న మాట. ఆ భాగస్వాములు ఎవరో ఎక్కడా రాయలేదు.

కంపెనీని అడిగితే వచ్చిన జవాబు విచిత్రం. ఒకరి జవాబు తోటి ప్రేక్షకులకు కనిపించదు కాబట్టి వాళ్లు చెప్పింది నిజమేనట. నిర్వాహకులకు కనిపించడం ‘ఫీచర్’ అట! రీఫండ్ అడిగితే, టూల్ సక్రమంగా పనిచేసింది కదా అన్నారు.

లైవ్ టూల్స్ మీదే నాకు కోపం అనుకోకండి. 2016 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభలో తుపాకుల నియంత్రణ చట్టం కోసం డెమొక్రాట్ సభ్యులు నేల మీద బైఠాయించారు, జాన్ లూయిస్ ముందుండి నడిపించారు. సభ వాయిదాలో ఉంది కాబట్టి అధికారిక కెమెరాలు ఆగిపోయాయి. స్కాట్ పీటర్స్ అనే సభ్యుడు తన ఫోన్లో పెరిస్కోప్ అనే లైవ్ వీడియో యాప్ తెరిచి ప్రసారం పెట్టారు. సభ సమావేశాలను ప్రసారం చేసే సీ-స్పాన్ చానల్ ఆ ఫోన్ దృశ్యాలనే దేశానికి చూపించింది. ఆ మరుసటి నెలలోనే, జులై 15 రాత్రి టర్కీలో సైనిక తిరుగుబాటు జరుగుతుండగా, అధ్యక్షుడు ఎర్డోగాన్ ఫేస్‌టైమ్‌లో టీవీ యాంకర్‌కు వీడియో కాల్ చేశారు, ఆమె తన ఫోన్‌ను కెమెరా ముందు పట్టుకున్నారు, ఆయన జనాన్ని వీధుల్లోకి రమ్మన్నారు. కెమెరా ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే అన్న పాత లెక్క ఆ నెల రోజుల్లో తలకిందులైంది. మేం లైవ్ చర్చ పెట్టాలనుకున్నదీ ఆ ఆశతోనే.

అయితే ఆ సంఘటనల్లో కెమెరా నాయకుల వైపు తిరిగి ఉంది. మేం కొన్న టూల్‌లో అది చూసేవాళ్ల వైపు తిరిగి ఉంది. తేడా అంతా అక్కడే. పాతకాలం సర్వే అయితే ఎవరో వచ్చి అడుగుతారు, మనం ఆలోచించి చెప్పాలనుకున్నదే చెబుతాం. లైవ్‌లో మనం చెప్పనిది కూడా నమోదవుతుంది. ఏ మాట దగ్గర లేచి వెళ్లాం, ఏ మాట దగ్గర వెనక్కి వచ్చాం, ఏ పోల్‌కు జవాబు నొక్కడానికి తటపటాయించాం, అన్నీ. ప్రచారం చేసేవాళ్లకు ఇది బంగారు గని. పొద్దున అన్న మాట పనిచేయలేదని తెలిస్తే సాయంత్రానికి మార్చేస్తారు. అదీ అందరికీ ఒకేలా కాదు, మీకొకటి, మీ పక్కింటివాళ్లకొకటి. ఎవరికి ఏం చెప్పారో ఎవరూ పోల్చి చూసుకోలేరు, ఆ ఇంట్లోవాళ్లలాగా ఫోన్లు పక్కపక్కన పెట్టుకుంటే తప్ప. అభ్యర్థి అందరి ముందూ ఒకే మాట చెప్పి, దానికి కట్టుబడాలన్నదే కదా చర్చ పెట్టడంలో ఉద్దేశం. దాన్ని ఈ టూల్ వెనకనుంచి కొట్టేసింది.

మరో అన్యాయం ఉంది. డబ్బు కట్టింది మేం, షరతులకు ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కింది మేం, సమాచారం పోయింది మాత్రం మమ్మల్ని నమ్మి వచ్చినవాళ్లది. ఎన్నికల ప్రచారాలకు సలహాలిచ్చే కేంబ్రిడ్జ్ అనలిటికా సంస్థ వ్యవహారంలోనూ ఇలాగే జరిగింది. ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్‌ను వేసుకున్నది సుమారు 2,70,000 మంది. వాళ్ల స్నేహితులవి కూడా కలిసి, 8 కోట్ల 70 లక్షల మంది వరకు సమాచారం ఆ సంస్థకు చేరి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్కే చెప్పింది. మరుసటి ఏడాది ఫేస్‌బుక్‌కు అమెరికాలో 500 కోట్ల డాలర్ల జరిమానా పడింది. జరిమానా పడినంత మాత్రాన ఆ సమాచారం ఎవరి బుర్రలోంచీ, ఏ సర్వర్‌లోంచీ వెనక్కి రాలేదు.

‘పేర్లు తీసేసి లెక్కలే వాడతాం’ అని ఎవరైనా అంటే కూడా నాకు నమ్మకం లేదు. 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ యాప్ మ్యాప్ గుర్తుందా? అందులో ఒక్క పేరు లేదు, జనం పరిగెత్తిన దారులు వెలుగు గీతల్లా ఉన్నాయంతే. ఎడారిలో మరెవరూ పరిగెత్తరు కాబట్టి సైనిక స్థావరాల ఆకారం ఆ గీతల్లోనే బయటపడింది. ఒక చిన్న చర్చలో ఒక ఊరి నుంచి ఒక్కరే వచ్చి ఉంటే పేరు తీసేసినా ఏం లాభం?

సేల్స్ మాట సంగతికొస్తే, పెద్దవాళ్లూ దొరికిపోయారు. జూమ్ సంస్థ తన మీటింగులకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే మాట్లాడుకునేవాళ్లు తప్ప సంస్థ కూడా తెరవలేని తాళం, ఉందని ఏళ్ల తరబడి చెప్పుకుంది. నిజానికి తాళంచెవులు ఆ సంస్థ సర్వర్లలోనే ఉన్నాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 2020 నవంబరులో రాజీ ఒప్పందం చేసుకుంది. శ్రోత వేరే విండోలోకి వెళ్తే హోస్ట్‌కు తెలిసిపోయే ‘అటెన్షన్ ట్రాకింగ్’ కూడా జూమ్‌లో ఉండేది, గోల చేశాక అదే ఏడాది ఏప్రిల్‌లో తీసేశారు. అంటే బ్రోషర్‌లో రాసిన మాటకూ, లోపల నడిచే కోడ్‌కూ మధ్య దూరం ఎప్పుడూ ఉండొచ్చనే అనుకుని బేరం మొదలుపెట్టాలి.

కాబట్టి డెమోలో స్క్రీన్ చూపిస్తే చాలదు. ట్రయల్ అకౌంట్ అడగండి. మీవాళ్లనే ఇద్దరిని వేర్వేరు పేర్లతో ప్రేక్షకులుగా పంపించి, ఒక పోల్ పెట్టి, ఒక ప్రశ్న రాసి చెరిపేయించి, తర్వాత ఓనర్ లాగిన్‌తో ఒకసారి, కో-హోస్ట్ లాగిన్‌తో ఒకసారి రిపోర్ట్ దించండి. పోల్ పక్కన పేరు ఉందా, చెరిపిన మాట ఉందా అన్నది కళ్లతో చూడండి. ట్రయల్‌లో రిపోర్ట్ బటన్ మూసేసి ఉంటే, ఖాళీ రిపోర్ట్ నమూనా పంపమనండి. కాలమ్‌ల పేర్లు చాలు, కథంతా అందులోనే ఉంటుంది. నమూనా పంపడానికి కూడా నసిగితే ఆ టూల్ వదిలేయండి. ఇంకేం అడగాల్సిన పని లేదు.

పేరు, ఈమెయిల్ లేకుండా గెస్ట్‌గా రావచ్చా అన్నది కూడా చూడండి. అసలు సమాచారం తీసుకోకపోతే పోయేదే ఉండదు, మిగతా సెట్టింగులన్నీ దాని తర్వాతే. యాప్ వేసుకోమని బలవంతం చేసే టూల్ కన్నా బ్రౌజర్‌లో నడిచేది మేలు. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ అన్న భాగం తెరిస్తే, మీ పేజీ ఏయే వేరే కంపెనీల సర్వర్లతో మాట్లాడుతోందో కనిపిస్తుంది. మీ బృందంలో కాస్త కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు ఎవరైనా ఉంటే పది నిమిషాల పని. కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగితే మాత్రం ఇవ్వకండి, చర్చ వినడానికి మీ ఫోన్ బుక్‌తో పనేంటి?

రికార్డింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండొచ్చు, చూసుకుని ఆపండి. ‘తర్వాత డిలీట్ చేసుకోవచ్చు కదా’ అని సేల్స్ వాళ్లు అంటారు. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద జరిపిన దాడిని హంతకుడు ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టినప్పుడు, ప్రసారం నడుస్తుండగా చూసింది 200 మంది కన్నా తక్కువేనని ఆ సంస్థ చెప్పింది. మొదటి 24 గంటల్లో తీసేయాల్సి వచ్చిన కాపీలు 15 లక్షలు. మన చిన్న చర్చకు అంత ప్రమాదం లేదు గానీ, ఒకసారి బయటికి వెళ్లినదాన్ని వెనక్కి తేవడం అంత పెద్ద కంపెనీకే చేతకాలేదన్నది గుర్తుంటే చాలు.

పోల్ తప్పనిసరి కాకపోతే మానేయండి. అవసరమైతే లాగిన్ అడగని వేరే ఫారం లింక్ ఇవ్వండి. ప్రశ్నలను మీ బృందంలో ఒకరు తీసుకుని, పేర్లు లేకుండా చదవొచ్చు. కాస్త నెమ్మదిగా సాగుతుంది, ఆర్భాటం తగ్గుతుంది, మాకైతే అదే నయమనిపించింది. ఏడాది ప్లాన్‌కు రాయితీ ఎంత ఇచ్చినా మొదట నెలవారీగానే కట్టండి. ఏడాది డబ్బు ముందే చేతిలో పడ్డాక మా ఈమెయిళ్లకు జవాబులు ఎంత ఆలస్యంగా వచ్చాయో చెప్పనక్కర్లేదు.

ఇప్పటికే ఇలాంటిది వాడుతున్నవాళ్లు రిపోర్ట్ దించి చూసి, అందులో ఏముందో మీ చర్చకు వచ్చినవాళ్లకు చెప్పండి. మేం అందరికీ రాశాం. కొందరు కోప్పడ్డారు, ఇకమీదట రామన్నారు, వాళ్లను తప్పుపట్టలేం. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే ఐరోపా చట్టం జీడీపీఆర్ వర్తించేవాళ్ల చేతిలో మంచి ఆయుధమే ఉంది. రాజకీయ అభిప్రాయాలను అది 9వ అధికరణంలో ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా లెక్కిస్తుంది. తమ గురించి ఏం దాచారో చూపమని అడిగే హక్కు 15వ అధికరణంలో ఉంది, మామూలుగా నెలలోపు జవాబివ్వాలి. మీరున్న చోట అలాంటి చట్టం ఉందేమో చూసుకుని, దాని పేరు చెప్పి రాయండి, జవాబు తొందరగా వస్తుంది.

ప్రస్తుతం మా సంగతి ఇదీ: అకౌంట్ మూసేశాం, కంపెనీ డేటా తీసేశామని ఈమెయిల్ పంపింది, బ్యాకప్‌లలో ఉన్నది ఎప్పుడు పోతుందో చెప్పలేదు. భాగస్వాముల పేర్లు అడిగితే ‘వాణిజ్య రహస్యం’ అన్నారు. రీఫండ్ రాలేదు. కో-హోస్ట్‌లు దించుకున్న కాపీల గురించి అభ్యర్థుల కార్యాలయాలన్నిటికీ ఒకే ఉత్తరం పంపాం, ఒక్క చోట నుంచే డిలీట్ చేశామని రాతపూర్వకంగా జవాబొచ్చింది. మిగతావాళ్లు ఏమన్నా చెబితే ఇక్కడే కింద రాస్తాను.