పాత పికప్‌లో ఏసీ, టో మోడ్ మొరాయిస్తే ఎవరికి చూపించాలి? డీలరా, బయటి షాపా, మన చేతిలో స్కానరా?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఊరవతల నాలుగైదు ఎకరాలు కొనడం మొదలుపెట్టాక, వెనకే ఒక పాత పికప్ ట్రక్కు కూడా కొంటున్నారు. కొన్న నెలలోపే నాకు ఫోను వస్తుంది. "అన్నా, ఏసీ సిగ్నల్ దగ్గర వేడిగాలి కొడుతోంది, ట్రైలర్ తగిలిస్తే టో మోడ్ పడట్లేదు. డీలర్ దగ్గరికి తీసుకెళ్లనా, బయట చూపించనా?" (టో మోడ్ అంటే బరువు లాగేటప్పుడు గేర్లు మారే తీరుని మార్చే బటన్.) ఈ వేసవిలోనే నలుగురు అడిగారు. పోయిన ఏడాది నా ట్రక్కుకీ సరిగ్గా ఇవే రెండు జబ్బులు. మూడు దారులూ తొక్కాను కాబట్టి రాస్తున్నా.

ముందు డీలర్. డయాగ్నస్టిక్ ఫీజు 180 డాలర్లు తీసుకున్నారు. వాళ్ల దగ్గర కంపెనీ స్కానర్ ఉంటుంది, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) కంప్యూటర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించగలరు, రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బండ్లను వెనక్కి పిలవడం) ఉంటే ఉచితంగా చేస్తారు. ఈ మూడూ బయట సులువుగా దొరకవు. రీకాల్ ఉందో లేదో మాత్రం వాళ్లనే అడగాల్సిన పని లేదు. ఎన్‌హెచ్‌టీఎస్ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో ట్రక్కు విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) కొడితే మనకే కనిపిస్తుంది.

నా ట్రక్కుకి వాళ్లిచ్చిన తీర్పు: ఏసీ బాగానే ఉంది, టో మోడ్‌కి ట్రాన్స్‌మిషన్ మాడ్యూల్ (గేర్‌బాక్స్ కంప్యూటర్) మార్చాలి, 1,900 డాలర్లు. వాళ్లు అబద్ధం చెప్పారని అనను. పొద్దున 8 గంటలకు, షెడ్డు నీడలో, ట్రైలర్ లేకుండా చూశారు. ఆ టైములో ఏ ఏసీ అయినా చల్లగానే కొడుతుంది. నా ట్రక్కు మొరాయించేది మధ్యాహ్నం 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, వెనక 5,000 పౌన్ల ట్రాక్టరు ట్రైలర్ ఉన్నప్పుడు.

నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. ఎవరికి ఎంత అనుభవం ఉంది, గంటకి ఎంత తీసుకుంటారు అన్నవి తర్వాతి సంగతి. జబ్బు కనిపిస్తున్న ఆ నిమిషంలో అంకెలు చూస్తున్నది ఎవరు? షాపువాడు మన ట్రైలర్ తగిలించుకుని ఓక్లహోమా వైపు ఐ-35 మీద ఆర్బకిల్ కొండలెక్కి రాడు కదా.

రెండోది బయటి షాపు. అందులోనూ ఏసీ షాపు వేరు, ట్రాన్స్‌మిషన్ షాపు వేరు. నేను వెళ్లిన ఏసీ షాపతను గేజీ తగిలించి, ఒక చూపు చూసి, గ్యాస్ తక్కువుందని కొంచెం ఎక్కించాడు. 220 డాలర్లు. తూకం వేయలేదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజీలో వచ్చే ప్రెషర్‌ని బట్టి గ్యాస్ ఎంత ఉందో తెలియదు. 90 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ (ఏసీ గ్యాస్‌లో ఒక రకం) సిస్టమ్ సగం ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా ముల్లు 100 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గరే నిలబడుతుంది. అసలు లెక్క బానెట్ కింద స్టిక్కర్ మీదుంటుంది, ఏ గ్యాస్, ఎన్ని పౌన్లు అని. ఉన్న గ్యాసంతా మెషీన్‌తో బయటికి లాగి, వాక్యూమ్ పట్టి, తూచి ఎక్కిస్తేనే అది సర్వీసు. తర్వాత ఇంకో చోట అలా లాగిస్తే నా ట్రక్కులో ఉండాల్సిన దానికంటే పావు పౌను ఎక్కువ తేలింది! తక్కువైతే ఏసీ చల్లబడదని అందరికీ తెలుసు, ఎక్కువైనా చల్లబడదు.

అలాగని బయటి షాపులన్నీ ఇంతేనని కాదు. ఒక్క ప్రశ్న అడగండి: "గ్యాస్ తూచి ఎక్కిస్తారా?" తడుముకుంటే లేచి వచ్చేయండి. పదేళ్ల లోపు ట్రక్కయితే స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ అని ఉండొచ్చు. అది ఆర్-134ఏ కంటే చాలా ఖరీదు. అందాజాగా ఎక్కించే చేతుల్లో పెట్టొద్దు.

మూడోది మనమే చూసుకోవడం. నేను మొగ్గేది దీనివైపే, దాచను. ఇరవై డాలర్ల కోడ్ రీడర్ గురించి కాదు నేను చెప్పేది. అవి ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లు (తప్పు పట్టినప్పుడు కంప్యూటర్ రాసుకునే నంబర్లు) చదివి ఊరుకుంటాయి. ట్రాన్స్‌మిషన్, ఏసీ మాడ్యూళ్లలోకి వెళ్లి లైవ్ డేటా (ఆ క్షణంలో మారుతున్న అంకెలు) చూపించే స్కానర్ కావాలి. నాది రెండొందల చిల్లర పడింది. దాంతోపాటు వెంట్‌లో గుచ్చే చిన్న థర్మామీటరు. ఏసీ గేజీలు కొనక్కర్లేదు, కొన్ని ఆటో పార్ట్స్ షాపులు డిపాజిట్ కట్టించుకుని అరువిస్తాయి.

ఒక శనివారం మధ్యాహ్నం డ్రైవ్‌వేలో పెట్టుకుని కూర్చున్నా. ఇంజిన్ ఐడిల్‌లో ఉంది, వెంట్‌లో 68 డిగ్రీలు. హైవే మీద ఇదే వెంట్ 46 చూపించింది. కదిలితే చల్లన, ఆగితే వేడి అంటే ముందు అనుమానించాల్సింది గాలినే. గేజీలో హై సైడ్ (ఎక్కువ ప్రెషర్ వైపు) 350 పీఎస్ఐ దాటి ఇంకా ఎక్కుతోంది. మా అబ్బాయిని పిలిచి గార్డెన్ పైపుతో ముందు జాలీలోంచి కండెన్సర్ (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) మీద నీళ్లు కొట్టమన్నాను. చూస్తుండగానే ముల్లు 250కి జారింది, రెండు నిమిషాల్లో వెంట్ 52కి దిగింది. వాడికి ఆట, నాకు జవాబు. నీళ్లు ఆపగానే ముల్లు మళ్లీ పైకే. స్కానర్‌లో ఫ్యాన్ వరస తీస్తే, కంప్యూటర్ అడుగుతున్న వేగం ఒకటి, ఫ్యాన్ తిరుగుతున్న వేగం అందులో సగం కూడా లేదు. ఫ్యాన్ క్లచ్ (ఫ్యాన్‌ని ఇంజిన్‌తో కలిపి తిప్పే భాగం) పోయింది. పీ0526 లాంటి ఫ్యాన్ వేగం కోడ్ పడి ఉంటే పార్ట్స్ షాపులో ఉచితంగా చదివినా ఫ్యాన్ మీద అనుమానం వచ్చేది. నా ట్రక్కులో ఏ కోడూ లేదు. అంకెలున్నాయి, అంతే.

కండెన్సర్, ట్రాన్స్‌మిషన్ కూలర్, రేడియేటర్ ముందు భాగంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటన్నిటికీ ఆ ఒక్క ఫ్యానే గాలి లాగాలి. లోడుతో మెల్లగా కొండెక్కేటప్పుడు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడెక్కుతోందని నాకు వచ్చిన హెచ్చరికకి కూడా మూలం అదే. ఏసీ షాపతను ఏసీనే చూశాడు, డీలరు ట్రాన్స్‌మిషన్‌నే చూశాడు. రెండు ఫిర్యాదులు పక్కపక్కన పెట్టుకున్నది నేనొక్కడినే.

ఇక టో మోడ్ పడకపోవడం. నా ట్రక్కులో ఆ బటన్ స్టీరింగ్ పక్కన గేరు రాడ్ చివర ఉంటుంది. స్కానర్‌లో ఆ స్విచ్ వరస తెరిచి, పార్క్‌లో నొక్కాను. ప్రతిసారీ 'ఆన్' పడింది. చక్రాలకు చెక్కలు పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కిపట్టి డ్రైవ్‌లోకి లాగి నొక్కాను. చలనం లేదు. రాడ్‌ని నావైపు కాస్త గుంజి నొక్కితే మళ్లీ 'ఆన్'. మాడ్యూల్ పోతే రాడ్ గుంజితే బాగవదు కదా! కాలమ్ కవర్ విప్పిస్తే లోపల వైరు ఒరుసుకుని, రాగి బయటపడి, రెండు పోగుల మీద వేలాడుతోంది. ఏళ్ల తరబడి రాడ్ పైకీ కిందికీ కదిలితే వైరు అలాగే నలుగుతుంది. 1,900 డాలర్ల మాడ్యూల్ మార్చినా ఆ వైరు అలాగే ఉండేది.

రిపేరు మాత్రం నేను చేయలేదు. స్కానర్ తెర ఫొటోలు, థర్మామీటరు అంకెలు ఫోన్లో పెట్టుకుని ఇంకో బయటి షాపుకి వెళ్లాను. ఫ్యాన్ క్లచ్, వైరు, గ్యాస్ తూచి ఎక్కించడం అన్నీ కలిపి 740 డాలర్లు. గ్యాస్ పని షాపుకే వదలాలి. దాన్ని గాల్లోకి వదలడం ఇక్కడ చట్టప్రకారం నేరం, కంట్లో పడితే ప్రమాదం కూడా.

టో మోడ్ లైటు దానంతటదే మిణుకుమిణుకుమంటుంటే అది వేరే కథ. కొన్ని ట్రక్కుల్లో ట్రాన్స్‌మిషన్ కోడ్ పడిందని చెప్పే పద్ధతే అది. ట్రైలర్ విప్పి, కోడ్ చదివించి, తర్వాతే ఆలోచించండి. అప్పుడు డీలరైనా సరే, మంచి ట్రాన్స్‌మిషన్ షాపైనా సరే. ఏసీ ఒక పక్క చల్లగా, ఒక పక్క వేడిగా వస్తూ డాష్‌బోర్డు వెనక టిక్ టిక్ అంటుంటే ముందు బ్లెండ్ డోర్ (చల్లగాలి, వేడిగాలి కలిపే చిన్న తలుపు) మోటారుని చూడమనండి.

ఇంటికొచ్చి చేసే మెకానిక్‌లున్నారు. మనిషి మంచివాడైతే హాయి, లేకపోతే లేదు.

వాల్‌మార్ట్‌లో దొరికే గ్యాస్ డబ్బా సంగతి కూడా అడుగుతారు. దాని గేజీ లో సైడ్ (తక్కువ ప్రెషర్ వైపు) ఒక్కటే చూపిస్తుంది. నా ట్రక్కుకి అది ఎక్కించి ఉంటే ఆ ఎక్కువైన పావు పౌను ఇంకా పెరిగేది. లీకు మూసే మందు కలిపిన డబ్బా అయితే అసలు ముట్టుకోకండి, ఆ మందు ఉందని తెలిస్తే చాలా షాపులు తమ మెషీన్ తగిలించవు.

స్కానర్ కొనేముందు మీ ట్రక్కు మోడల్‌కి అది ఏసీ మాడ్యూల్, ట్రాన్స్‌మిషన్ రెండూ తెరుస్తుందో లేదో చూసుకోండి. డాలస్‌లో ఉన్నవాళ్లయితే కొనకపోయినా ఫర్వాలేదు, నాది గ్యారేజీలో ఊరికే పడి ఉంది. మధ్యాహ్నం రండి, ట్రైలర్ తగిలించుకుని రండి.